మూడేళ్ల పనికి ఏడాది బడ్జెట్: చెన్నైలో ప్రభుత్వ పనులు ప్లాన్ చేసుకోవడం ఎలా

చెన్నైలో ప్రభుత్వ శాఖల్లోనో, కార్పొరేషన్‌లోనో, వాళ్లకు డీపీఆర్‌లు (పని వివరాలన్నీ ఉండే ప్రాజెక్టు నివేదికలు) తయారుచేసే కన్సల్టెన్సీల్లోనో పనిచేసే తెలుగువాళ్లం చాలామందే ఉన్నాం. కొందరు నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. కొందరు తాతల కాలం నుంచీ జార్జ్ టౌన్‌లోనో టీ నగర్‌లోనో ఉన్నవాళ్లు. కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, పని మూడేళ్లది, డబ్బు ఏడాదికే ఇస్తారు. ప్లాన్ ఎలా వేసేది?" ఇరవై రెండేళ్లుగా వాన నీటి కాలువలు, చెరువుల పనుల ఎస్టిమేట్లూ బిల్లులూ చూస్తున్నాను. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీరు ఇంజనీరైనా, అకౌంట్స్ వైపు ఉన్నా, ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం రాష్ట్రం ఏటా ఆదాయ వ్యయాల పట్టిక శాసనసభ ముందు పెట్టాలి. 204 ప్రకారం సభ ఆమోదించిన ద్రవ్య వినిమయ చట్టం లేకుండా ఖజానా నుంచి రూపాయి తీయకూడదు. ఆ ఆమోదం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానే. ఆ రోజుకి ఖర్చు కానిది మురిగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ అడగాలి. ఇది మంచి నియమమే. ప్రజల డబ్బు మీద ఏటా ఒకసారి ప్రజాప్రతినిధుల మాట ఉండాలి కదా. కానీ కాలువ తవ్వడానికి మార్చి 31తో ఏ సంబంధమూ లేదు.

చెన్నైకి తాగునీళ్లిచ్చే పూండి జలాశయానికి కృష్ణా నీళ్లు ఎలా వచ్చాయో గుర్తుచేసుకోండి. తెలుగుగంగ ఒప్పందం మీద ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సంతకాలు పెట్టింది 1983 ఏప్రిల్‌లో. అప్పుడు అక్కడ ఎన్టీ రామారావు, ఇక్కడ ఎంజీ రామచంద్రన్ ముఖ్యమంత్రులు. కండలేరు నుంచి నీళ్లు మొదటిసారి తమిళనాడు సరిహద్దు దాటింది 1996లో. మధ్యలో పదమూడేళ్లు. అన్నేళ్లూ రెండు రాష్ట్రాల్లోనూ ఎవరో ఒకరు ఆ పద్దు కింద డబ్బు అడుగుతూనే ఉన్నారు, ప్రభుత్వాలు మారినా అడుగుతూనే ఉన్నారు. ఒక్క ఏడాది అడగడం మర్చిపోతే ఎక్కడో ఒకచోట కాలువ ఆగిపోయేది. మన పనులు అంత పెద్దవి కాకపోవచ్చు, లెక్క మాత్రం అదే.

మొదట రెండు క్యాలెండర్లు పక్కపక్కన గీయండి

ఒక పెద్ద కాగితం తీసుకోండి. పైన ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు గళ్లు. మొదటి వరుసలో డబ్బు నడక, రెండో వరుసలో వాన నడక.

డబ్బు నడక ఇలా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో రాష్ట్ర బడ్జెట్ వస్తుంది. ఆ తర్వాత శాఖలవారీగా పద్దుల మీద చర్చలు జరుగుతాయి. ఒక్కోసారి ఇవి జూన్ దాకా లాగుతాయి. తర్వాత జీవో, తర్వాత సాంకేతిక మంజూరు, తర్వాత టెండరు. తమిళనాడులో టెండర్లకు 1998 నాటి పారదర్శకత చట్టం ఉంది. దాని నిబంధనల ప్రకారం రెండు కోట్ల లోపు పనికి కనీసం 15 రోజులు, అంతకు మించితే 30 రోజులు గడువివ్వాలి. గడువు అయ్యాక బిడ్లు పరిశీలించడం, రేటు ఖరారు, ఒప్పందం. ఇవన్నీ సాఫీగా జరిగినా అక్టోబరు వచ్చేస్తుంది.

ఇప్పుడు వాన వరుస చూడండి. ఆంధ్రలో చాలాచోట్ల జూన్‌లో వానాకాలం మొదలవుతుంది. చెన్నైకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. ఆ రోజుల్లో రోడ్డు తవ్వడానికి అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వాన వెలిసేసరికి సంక్రాంతి. కూలీలు ఊళ్లకు వెళ్తారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు పండగకి పోతే జనవరి 20 దాకా తిరిగిరారు. వాళ్లను తప్పు పట్టడానికేమీ లేదు, ఏడాదికొక పండగ.

రెండు వరుసలూ ఒకసారి కలిపి చూస్తే గుండె గుభేలుమంటుంది. తవ్వకానికి మంచి నెలలైన ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కాగితాలు తిరుగుతుంటాయి. కాగితాలు తయారయ్యేసరికి వాన. వాన పోయేసరికి మార్చి తలుపు తడుతుంది. కాంట్రాక్టరు చేతకానివాడు, ఇంజనీరు బద్ధకస్తుడు అని మనం తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఈ రెండు వరుసల్లోనే ఉంది.

కాబట్టి చెన్నైలో చేయాల్సింది కాగితం పనిని వాన నెలల్లోకి తోసేయడం. సర్వే, మట్టి పరీక్షలు, డీపీఆర్, మంజూరు, టెండరు: ఇవన్నీ ముందటి ఏడాది ఆగస్టు నుంచి ఫిబ్రవరిలోపు అయిపోవాలి. ఒప్పందం మీద సంతకం మార్చిలో. పలుగు పడేది ఏప్రిల్లో. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో పనిచేసేవాళ్లు తమ వాన నెలలు వేసుకుని ఇదే కాగితం మళ్లీ గీసుకోవచ్చు.

"మరి డబ్బు వచ్చే ఏడాదిది కదా, ఈ ఏడాదే టెండరు ఎలా పిలుస్తాం?" అని అడుగుతారు. ఇక్కడే టోకెన్ కేటాయింపు పనికొస్తుంది. కొత్త పని అంటే సభకు తెలియాలి. అందుకని వానాకాలంలోనో, జనవరి తర్వాతో వచ్చే అనుబంధ పద్దుల్లో, అంటే బడ్జెట్ తర్వాత ఏడాది మధ్యలో సభను అదనంగా అడిగే పద్దుల్లో, మీ పని పేరుతో చిన్న మొత్తం పెట్టించుకోండి. మొత్తం చిన్నదైనా సభ ఆమోదం పడుతుంది, పద్దు తెరుచుకుంటుంది, టెండరు పిలవడానికి ఆధారం దొరుకుతుంది. ఇది అక్రమం కాదు, దొడ్డిదారీ కాదు. అనుబంధ పద్దులు ఉన్నదే ఇందుకు. మీ శాఖ ఆర్థిక సలహాదారుతో సెప్టెంబరులోనే ఒకసారి కూర్చుని మాట్లాడండి. జనవరిలో అడిగితే "ఇప్పుడా గుర్తొచ్చింది?" అంటారు, ఆ మాటలో న్యాయముంది.

డబ్బు అడిగేది బిల్లు తేదీ చూసి

ఈ గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. పని ఫిబ్రవరి ఆఖరున జరిగింది. కొలతలు మార్చి రెండో వారంలో ఎం బుక్‌కి, అంటే కొలతల పుస్తకానికి, ఎక్కాయి. పరిశీలన, సంతకాలు, బిల్లు తయారీ, ట్రెజరీ. డబ్బు చేతికొచ్చేది ఏప్రిల్లో. అంటే ఆ పని ఈ ఏడాది చేసినదే అయినా ఖర్చు వచ్చే ఏడాది పద్దులోంచి పోతుంది. మీ ఆఫీసులో కొలత నుంచి చెల్లింపు దాకా ఎన్ని రోజులు పడుతోందో గడిచిన పది బిల్లులు తీసి చూడండి. మా దగ్గర సగటున 45 రోజులు తేలింది. అంటే మా ఆర్థిక సంవత్సరం అసలు ముగిసేది ఫిబ్రవరి 14న!

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చెరువు అలుగు నుంచి వాగు దాకా ఆరు కిలోమీటర్ల వాన నీటి కాలువ, అంచనా 30 కోట్లు, గడువు మూడేళ్లు. కొత్తవాళ్లు ఏం చేస్తారు? 30ని మూడుతో భాగించి ఏడాదికి 10 కోట్లు రాస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మొదటి ఏడాది అక్టోబరులో ఒప్పందం అయి, జనవరి 20 తర్వాత పని మొదలైతే ఫిబ్రవరి 14 దాకా దొరికేది నాలుగు వారాలు కూడా కాదు. గట్టిగా చేస్తే 1 కోటి, కోటిన్నర బిల్లు అవుతుంది. మిగతా ఎనిమిదిన్నర, తొమ్మిది కోట్లు వెనక్కి పోతాయి. ఆ మరుసటి ఏడాది మళ్లీ 10 అడిగితే ఆర్థిక శాఖ వాళ్లు ఫైలు మీద ఒకటే ప్రశ్న రాస్తారు: పోయిన ఏడాదివే ఖర్చు చేయలేదు, ఇప్పుడు ఇంకా ఎందుకు? కోత పడుతుంది. సరిగ్గా ఆ ఏడాదే మీ పని ఊపందుకుని ఉంటుంది. కాంట్రాక్టరు బిల్లులు పెండింగ్ పడతాయి, యంత్రాలు వేరే సైటుకి తీసుకెళ్లిపోతాడు. మూడేళ్ల పని ఆరేళ్లవుతుంది.

ఇప్పుడు అదే పనిని వాన నెలలు తీసేసి, బిల్లు తేదీ చూసి వేద్దాం. ముందటి ఏడాది సర్వే, పరీక్షలు, డీపీఆర్‌కి 50 లక్షలు. మార్చిలో ఒప్పందం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలు, నెలకు 1.6 కోట్ల చొప్పున 9.6 కోట్ల పని. వీటి బిల్లులన్నీ నవంబరు సగానికి తేలిపోతాయి. సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి 14 దాకా ఇంకో 1.4 కోట్లు. మొదటి ఏడాది అడగాల్సింది 11 కోట్లు. ఫిబ్రవరి 15 నుంచి మార్చి 31 దాకా చేసే 2.4 కోట్ల పని రెండో ఏడాది పద్దులో పడుతుంది. కాబట్టి రెండో ఏడాది ఆ 2.4, మళ్లీ 9.6, మళ్లీ 1.4 కలిపి 13.4 కోట్లు. మూడో ఏడాదికి మిగిలేది 5.1 కోట్లు. అందులో 2.4 పాత బిల్లు, 2.7 కొత్త పని. అది ఏప్రిల్, మే నెలల్లో అయిపోతుంది. మూడో వానాకాలం రాకముందే కాలువ పూర్తి. రిటెన్షన్ డబ్బు, అంటే పనిలో లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత వహించే గడువు (డిఫెక్ట్ లయబిలిటీ) దాటాక ఇచ్చే మొత్తం, ఇంకా తర్వాత వస్తుంది. లెక్క తేలిగ్గా ఉండాలని ఇక్కడ కలపలేదు, మీరు వేసేటప్పుడు కలపండి.

11, 13.4, 5.1. ఈ అంకెలు ఫైల్లో పెడితే "ఎందుకిలా ఎగుడుదిగుడుగా ఉంది?" అని అడుగుతారు. అడిగితే మంచిదే. క్యాలెండరు కాగితం చూపించండి. లెక్క వెనక కారణం కనిపిస్తే ఆర్థిక శాఖ వాళ్లు కోత పెట్టడానికి వెనకాడతారు. నా అనుభవంలో వాళ్లకు కోపం తెప్పించేది పెద్ద మొత్తం కాదు, నోటికొచ్చిన గుండ్రటి మొత్తం.

ఈ ఏడాదివారీ పట్టికను జీవోలోకే ఎక్కించండి. "మొత్తం అంచనా 30 కోట్లు, మొదటి ఏడాది ఇంత, రెండో ఏడాది ఇంత" అని మంజూరు ఉత్తర్వులోనే ఉంటే తర్వాతి ఏడాది మీరు అడిగేది కొత్త కోరికలా కనపడదు, ఒప్పుకున్న బాధ్యతలా కనపడుతుంది.

పాత పనుల భారం ముందు లెక్కపెట్టండి

మీ పద్దు కింద 40 కోట్లు ఉన్నాయని సంబరపడకండి. నడుస్తున్న పనులకు ఈ ఏడాది కట్టాల్సిన బిల్లులే 34 కోట్లుంటే, కొత్త పనికి మిగిలేది 6. ఆ ఆరు కోట్లకి అరవై కోట్ల పనులు మంజూరు చేసి శంకుస్థాపనలు చేయించిన చోట్లు నేను చూశాను. అన్నీ మొదలవుతాయి, ఏదీ పూర్తికాదు. ఇది గుండెకోత. ఎందుకంటే సగం తవ్విన పది కాలువలకంటే పూర్తయిన ఒక్క కాలువ మేలు, నీళ్లు పోయేది దాంట్లోంచే. కొత్త పని ఫైలు కదిపే ముందు ఒక రిజిస్టరు పెట్టి, నడుస్తున్న ప్రతి పనికీ మిగిలిన మొత్తం, ఈ ఏడాది రాబోయే బిల్లు రాసుకోండి. పైవాళ్లు ఒత్తిడి చేసినప్పుడు ఆ రిజిస్టరే మీకు అండ.

ప్రతి మార్చికీ పని తన కాళ్ల మీద నిలబడాలి

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే కాబట్టి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలనీలో కాలువ పని. మేం పై నుంచి, అంటే ఇళ్ల వైపు నుంచి మొదలుపెట్టాం. జనం కనపడతారు, పని జరుగుతున్నట్టు కనపడుతుంది, అందుకని. మార్చి వచ్చింది. బిల్లు ట్రెజరీకి వెళ్లింది. 30వ తారీఖు సాయంత్రం తిరిగొచ్చింది, పద్దు సంఖ్యలో ఒక్క అంకె తప్పు. సరిచేసి పరిగెత్తుకుంటూ తీసుకెళ్లేసరికి కౌంటరు మూసేశారు. ఆ డబ్బు పోయింది. మరుసటి ఏడాది కేటాయింపు జూలైలో వచ్చింది, అప్పటికి కాంట్రాక్టరు కదలనన్నాడు. కాలువ మధ్యలో ఇనప చువ్వలు నిలబడి ఉన్నాయి, వాగులో కలిసే చివరి భాగం తవ్వనే లేదు. అక్టోబరులో వాన పడింది. అంతకుముందు రోడ్డు మీద పారిపోయే నీళ్లు ఇప్పుడు మా కాలువలోకి దిగి, పోయే దారిలేక, ఆ వీధి ఇళ్లలోకి ఎక్కాయి.

నీళ్లు తీశాక వెళ్లాను. మోకాలి దాకా బురద. ఒక ఇంటి ముందు పెద్దావిడ, నెల్లూరు వైపు మనిషి, తడిసిన బియ్యం చాప మీద ఆరబోస్తున్నారు. నేను తెలుగువాణ్ణని యాసలో పట్టేశారు. "నాయనా, ఈ గుంత ఎప్పుడు పూడుస్తారు?" అన్నారు. మార్చితో డబ్బు అయిపోయిందమ్మా, మళ్లీ రావాలి అన్నాను. ఆమె కాసేపు ఆగి, "మార్చితో డబ్బు అయిపోతే, గుంత గూడా అయిపోవాల గదా" అన్నారు. కోప్పడలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. ఆ బియ్యం వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పట్నుంచీ పనిని ఏడాదులుగా కోసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న: ఈ మార్చి తర్వాత ఒక్క రూపాయీ రాకపోతే, ఇప్పటిదాకా చేసింది ఎవరికైనా పనికొస్తుందా, ఎవరికైనా హాని చేస్తుందా? కాలువైతే కింద నుంచి, వాగులో కలిసే చోటు నుంచి మొదలుపెట్టాలి. మొదటి ఏడాది కింది రెండున్నర కిలోమీటర్లు, మూతలు వేసి, పక్క వీధుల కాలువలు ఇందులో కలిపి, రోడ్డు పూడ్చి. అప్పుడు పైభాగం రెండేళ్లు ఆలస్యమైనా కింద ఉన్నవాళ్లకి మేలే. చెరువైతే ముందు కట్ట, తూము, అలుగు. ఆ తర్వాతే పూడికతీత, నడకదారి, బెంచీలు. బడి భవనమైతే రెండు గదులు పైకప్పుతో, మరుగుదొడ్డితో పూర్తిచేసి పిల్లల్ని కూర్చోబెట్టాలి, ఎనిమిది గదులకు పునాదులు మాత్రమే వేసి వదలకూడదు. ఈ విభజన డీపీఆర్‌లోనే రాయాలి. పని నడిమధ్యలో కోద్దామంటే డ్రాయింగులు ఒప్పుకోవు.

భూమి చేతికి రాకుండా డబ్బు అడగవద్దు

ఇది చిన్న మాట, కానీ కఠినం. వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా ఎంఆర్‌టీఎస్ ఎత్తు రైలుమార్గం అయిదు కిలోమీటర్లు. వేళచ్చేరి దాకా రైళ్లు 2007లోనే వచ్చాయి. తర్వాతి అయిదు కిలోమీటర్లలో చాలావరకు స్తంభాలు లేచినా, ఆదంబాక్కం దగ్గర అర కిలోమీటరు భూమి కోర్టు వివాదాల్లో పడి ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఆ స్తంభాల కింద నుంచి రోజూ వెళ్లేవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. భూసేకరణను వేరే పద్దుగా, పనికంటే ఒక ఏడాది ముందు వచ్చేలా పెట్టండి. కరెంటు స్తంభాలు, మెట్రోవాటర్ గొట్టాలు, కేబుళ్లు పక్కకి జరపడానికి డిపాజిట్ కట్టాలి, అదీ ముందటి ఏడాదే.

అక్టోబరులో నిజం చెప్పండి

సవరించిన అంచనాల సమయం అక్టోబరు, నవంబరు. కేంద్రంలోనూ బడ్జెట్ ముందు చర్చలు అక్టోబరులోనే మొదలవుతాయి. 2017 నుంచి కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1కి మారాక ఆ పని ముందుకు జరిగింది. మీ శాఖ సర్క్యులర్‌లో ఇచ్చిన తేదీ గోడమీద రాసిపెట్టుకోండి.

ఆ రోజు మీరు పంపే అంకె రెండు పనులు చేస్తుంది. ఈ ఏడాది మీకు ఎంత మిగులుతుందో చెబుతుంది, వచ్చే ఏడాది ఎంత ఇస్తారో కూడా చాలావరకు అదే తేలుస్తుంది. ఖర్చు కాదని తెలిసీ "ఉంచుకుందాంలే" అనుకోవద్దు. 11 కోట్లలో 8 మాత్రమే అవుతుందనుకుంటే 8 అని రాసి, 3 కోట్లు అదే పద్దు కింద సిద్ధంగా ఉన్న ఇంకో పనికి మళ్లించమని అడగండి. అందుకోసం మీ దగ్గర టెండరు దాకా సిద్ధమైన చిన్న పనులు రెండు మూడు ఎప్పుడూ ఉండాలి. తూము బాగుచేత, కల్వర్టు, పంపు మార్పిడి లాంటివి. కొత్తగా కట్టేవాటికిచ్చే మూలధనం పద్దు నుంచి జీతాలు, నిర్వహణ లాంటి ఖర్చుల రెవెన్యూ పద్దుకి మాత్రం ఇష్టమొచ్చినట్టు మళ్లించడం కుదరదు, అది గుర్తుంచుకోండి.

మార్చి హడావిడి గురించి ఒక మాట. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 62వ నిబంధన చివరి నెలల్లో ఖర్చు ఉరుకులు పెట్టడాన్ని ఆర్థిక మర్యాద ఉల్లంఘనగా చెబుతుంది. కేంద్ర శాఖలకు చివరి మూడు నెలల్లో 33 శాతం, మార్చిలో 15 శాతం మించకూడదన్న పరిమితి ఉంటూ వచ్చింది. మీ పనిలో కేంద్రం వాటా ఉంటే ఈ పరిమితులు మీకూ తగులుతాయి. డబ్బు మురిగిపోతుందనే భయంతో ఖజానా నుంచి ముందే తీసి వేరే ఖాతాలో పెట్టడం, అక్కర్లేని సిమెంటు కొనడం, కొలవని పనికి బిల్లు పెట్టడం: ఈ మూడూ చేయవద్దు. పైవాళ్లు నోటిమాటగా చెప్పినా చేయవద్దు. కాగ్ ఆడిట్ వచ్చేసరికి చెప్పినవాళ్లు బదిలీ అయి ఉంటారు, సంతకం మీది ఉంటుంది. అంత టెన్షన్ ఏ కాలువకీ అవసరం లేదు.

ఎన్నికల ఏడాది, అయిదేళ్ల అంచు

తమిళనాడులో ఎన్నికల ఏడాది వేరే లెక్క. 2021 చూడండి. ఫిబ్రవరి 23న తాత్కాలిక బడ్జెట్. 26న ఎన్నికల ప్రకటన, ఆ రోజు నుంచే ప్రవర్తనా నియమావళి. మే 2న ఫలితాలు. కొత్త ప్రభుత్వం సవరించిన బడ్జెట్ పెట్టింది ఆగస్టు 13న. నడుస్తున్న పనులకు అడ్డు లేదు, కొత్తవి మాత్రం మొదలుపెట్టలేరు. కాబట్టి ఎన్నికల ఏడాది పడితే ఒప్పందం, పని ప్రారంభం జనవరిలోపు అయిపోవాలి. కాకపోతే కొత్త బడ్జెట్ దాకా, ఆపైన వానాకాలం దాటేదాకా ఆగాలి. ఆ లెక్కన ఒక్క నెల ఆలస్యం ఏడాది ఆలస్యమవుతుంది. కర్ణాటకలోనూ అంతే జరిగింది. 2023 ఫిబ్రవరిలో ఒక బడ్జెట్, ప్రభుత్వం మారాక జూలై 7న ఇంకొకటి.

కేంద్రం నిధులతో నడిచే పథకమైతే, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా సిఫార్సు చేసే ఆర్థిక సంఘం కాలం చూసుకోండి. 15వ ఆర్థిక సంఘం సిఫార్సులు 2021 నుంచి 2026 మార్చి దాకా, 16వది 2026 ఏప్రిల్ నుంచి 2031 దాకా. చాలా పథకాల గడువు ఈ అంచులకే కట్టి ఉంటుంది. అంచు దాటే పనైతే అవతలి భాగం ఎవరి డబ్బుతో జరుగుతుందో ముందే రాసుకోవాలి. చెన్నై మెట్రో రెండో దశకు, 118.9 కిలోమీటర్లు, 63,246 కోట్ల పనికి, 2020 నవంబరులో శంకుస్థాపన అయితే కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2024 అక్టోబరులో. ఆ మధ్య కాలంలో అది రాష్ట్ర పథకంగా రాష్ట్ర బడ్జెట్ మీద, రాష్ట్రం కట్టాల్సిన అప్పుల మీద నడిచింది. అంత పెద్ద పని కాబట్టి రాష్ట్రం మోసింది. మన ముప్పై కోట్ల కాలువని ఎవరూ అలా మోయరు.

రేట్లు పెరుగుతాయి, పన్నులు మారతాయి

మూడేళ్ల పనికి ఈ ఏడాది రేట్లతో అంచనా వేసి ఊరుకోవద్దు. 2022 జూలై 18 నుంచి ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టుల మీద జీఎస్టీ చాలావాటికి 12 నుంచి 18 శాతమైంది. 12 శాతం లెక్కన మంజూరైన పనులన్నీ ఒక్కరోజులో చాలని డబ్బుతో మిగిలాయి. సవరించిన మంజూరుకి ఫైలు పెడితే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పన్నును అంచనాలో విడిగా చూపించి, మారితే మారిన మేరకు అని ఉత్తర్వులో రాయించుకోండి. ధరల సవరణ క్లాజు ఉంటే దానికి రెండో, మూడో ఏడాది అంకెల్లో కొంత కలపండి.

పూర్తయిన తర్వాతి ఏడాది

తెలుగుగంగ దగ్గరికి మళ్లీ వస్తాను. 1996లో నీళ్లు వచ్చాయి సరే, ఆ తర్వాత కొన్నేళ్లపాటు కాలువ గట్లు దెబ్బతిని, నీళ్లు దారిలోనే ఇంకిపోయి, చెన్నైకి చేరింది కొంచెమే. చివరికి పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు డబ్బుతో కాలువకు లైనింగ్ చేశాక, 2004లో పరిస్థితి మెరుగుపడింది. కట్టే డబ్బుకి పోరాడినంతగా నిర్వహణ డబ్బుకి ఎవరూ పోరాడరు. మీ కాలువలో ఏటా వానకి ముందు పూడిక తీయాలి, మూతలు మార్చాలి. అది రెవెన్యూ ఖర్చు, వేరే పద్దు, ఒక్కోసారి వేరే ఆఫీసు కూడా. పని పూర్తయ్యే ఏడాదికి ముందటి అక్టోబరులోనే ఆ పద్దులో మీ కాలువ పేరు చేర్పించండి. పూర్తయ్యాక అడిగితే మొదటి వానాకాలం పూడిక తీసేవాళ్లు ఉండరు.

బదిలీ కాగితం

మూడేళ్ల పనికి ముగ్గురు ఇంజనీర్లు మారడం మామూలే. ఫైలు నాలుగు వందల పేజీలుంటుంది, వచ్చినవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అందుకని ఒకే ఒక్క పేజీ పెట్టండి, ఫైలు పైన, పసుపు కాగితం మీద. మొత్తం అంచనా, ఇప్పటిదాకా ఇచ్చింది, మురిగిపోయింది, రాబోయే బిల్లులు. తర్వాత అడగాల్సిన తేదీ, ఎంత అడగాలో ఆ అంకె. ఏ భూమి ఇంకా చేతికి రాలేదు, ఏ గొట్టం ఇంకా జరపలేదు. ఈ వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఆ వీధి పేరు. ప్రతి ఏప్రిల్ 1న దాన్ని కొత్తగా రాసి, తేదీ వేసి, మీ ఫోన్ నంబరు రాయండి. పోయిన ఆగస్టులో నాకొక కుర్ర ఇంజనీరు ఫోన్ చేశాడు. ఎనిమిదేళ్ల కిందటి నా కాగితం చూసి, "సార్, ఈ మూడో కల్వర్టు దగ్గర పక్క కాలువ కలపడం మిగిలిపోయిందని రాశారు, అది ఎటువైపు?" అని. ఎడమ వైపు, రావిచెట్టు దాటాక అని చెప్పాను. అక్టోబరు లోపు కలిపేశారట.